వైఫై ఆపేసి పేస్ట్ చెయ్యండి

పోయిన ఆగస్టు 29న, గిడుగు వారి జయంతికి మన క్లబ్ పెట్టిన పోటీలు గుర్తున్నాయి కదా. కవిత, వ్యాసం, ఆశువుగా మాట్లాడటం. మూడింటికీ కలిపి 312 మంది పేర్లిచ్చారు. సబ్బవరంలో మన క్యాంపస్ వాళ్ళే కాదు, అనకాపల్లి నుంచీ, పెందుర్తి నుంచీ, గాజువాక వైపు కాలేజీల నుంచీ వచ్చేరు. బహుమతులిచ్చాం, ఫొటోలు దిగాం, సంచికలో వేసుకున్నాం. ఆ ఫొటోల వెనకాల నేను చేసిన ఒక పని గురించి మాత్రం ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు. తప్పు నాదే కాబట్టి రాయబుద్ధి కాలేదు.

రిజిస్ట్రేషన్ పేజీ మా బ్యాచ్‌మేట్ ఒకడు పైథాన్‌లో రాశాడు. పేరు, ఫోన్ నంబరు, మెయిల్, కాలేజీ, ఊరు, జిల్లా, గెలిస్తే డబ్బు వెయ్యడానికి బ్యాంకు ఖాతా నంబరు. తెలుగు పోటీ కాబట్టి పేరు, ఊరు తెలుగులోనే రాయాలని షరతు కూడా పెట్టాం. చివరికి ఇదంతా ఒక జేసన్ ఫైల్‌గా నా చేతికొచ్చింది. (జేసన్ అంటే తెలియని మెకానికల్, సివిల్ మిత్రుల కోసం: ఫ్లవర్ బ్రాకెట్లలో పేరు, దాని విలువ జంటలుగా రాసుకునే పద్ధతి అది. మీ ఫోన్‌లో యాప్‌కీ, ఎక్కడో ఉన్న సర్వర్‌కీ మధ్య నడిచే మాటల్లో చాలా భాగం ఈ రూపంలోనే ఉంటుంది.)

ఫైల్ తెరిచి చూస్తే ఒకే ఒక్క లైను. 312 మంది ఒకళ్ళ నెత్తిమీద ఒకళ్ళు, ఆర్టీసీ బస్సులో కాలేజీ టైముకి నిలబడ్డట్టు. పైగా ఒక్క తెలుగక్షరం కనబడదు. పైథాన్‌కి విడిగా చెప్పకపోతే అది ఇంగ్లీషు కాని అక్షరాలన్నిటినీ యూనికోడ్ అంకెలుగా మార్చి రాస్తుంది. సబ్బవరం అన్న మాట ఏడు కోడ్లు, ఒక్కో కోడ్‌కి ఆరు అక్షరాలు, వెరసి 42 అక్షరాల చెత్త. అలాంటి ఊళ్ళు 312, అలాంటి పేర్లు 312.

రాత్రి పదకొండు దాటింది. పొద్దున్నే జాబితా ప్రింట్ తీసి గోడకి అంటించాలి. ఏం చేస్తాం? మీరందరూ ఏం చేస్తారో నేనూ అదే చేశాను. గూగుల్‌లో వెతికి, మొదట వచ్చిన ఫార్మాటర్ సైట్ తెరిచి, మొత్తం కాపీ చేసి, ఎడమవైపు డబ్బాలో పేస్ట్ చేసి, బటన్ నొక్కాను. కుడివైపు డబ్బాలో చక్కగా మెట్లు మెట్లుగా, పేర్లన్నీ అచ్చ తెలుగులో వచ్చేశాయి. నిజం చెప్పాలంటే ముచ్చటేసింది. పక్కనే సేవ్ అని ఇంకో బటన్ ఉంది. నొక్కితే చిన్న లింకు ఇచ్చింది. ఆ లింకుని వాలంటీర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి, అందరూ ఒకసారి చూడండ్రా అని రాసి పడుకున్నాను. ఏ సైటో ఇక్కడ చెప్పను. ఏదైనా ఒకటే అని ఈ వ్యాసం చివరికి మీరే అంటారు.

ఆ పనిలో రెండు తప్పులున్నాయి. చిన్నది ముందు బయటపడింది.

వ్యాసం పోటీలో రెండో బహుమతి వచ్చినమ్మాయికి డబ్బు పంపితే వెనక్కి వచ్చేసింది. ఖాతా నంబరు తప్పు. మావాళ్ళు ఆమెకి ఫోన్ చేసి, నంబరు కూడా సరిగ్గా చూసి ఇవ్వలేవా అని కొంచెం గట్టిగానే అన్నారు. ఆమె ఏమీ అనకుండా పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో తీసి పంపింది. దాంట్లో ఉన్న నంబరు, ఆమె ఫారంలో ఇచ్చిన నంబరు, అసలు ఫైల్లో ఉన్న నంబరు, మూడూ ఒకటే. నేను ఫార్మాట్ చేసి దాచుకున్న కాపీలో మాత్రం చివరి రెండంకెలు వేరు.

ఎవరూ దిద్దలేదు, వైరస్ లేదు. మీరే ఇప్పుడు చూడొచ్చు. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి, కన్సోల్ తెరిచి, 123456789012345678 అని కొట్టి ఎంటర్ నొక్కండి. జవాబు 123456789012345680 అని వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో మామూలు నంబరు 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ రూపంలో ఉంటుంది. అది 9007199254740991 దాకా ప్రతి పూర్ణాంకాన్నీ కచ్చితంగా పట్టుకుంటుంది. అది 16 అంకెల సంఖ్య. అక్కడ దాటితే దగ్గర్లో ఉన్న ఏదో ఒక నంబరుకి సర్దేస్తుంది, చెప్పకుండా. మన దేశంలో బ్యాంకు ఖాతా నంబర్లు తొమ్మిది నుంచి 18 అంకెల దాకా ఉంటాయి. ఆ అమ్మాయిది 18. మావాడు ఖాతా నంబరుకి కొటేషన్ గుర్తులు పెట్టకుండా వట్టి నంబరుగా రాశాడు. ఫార్మాటర్ సైట్లలో చాలావాటి పని ఇంతే: మీరు పేస్ట్ చేసింది జావాస్క్రిప్ట్‌తో చదివి, మళ్ళీ అందంగా రాస్తాయి. ఆ చదవడంలో అంకెలు పోతాయి.

పోయేవి అంకెలొక్కటే కాదు. ఒకే పేరుతో రెండు విలువలుంటే మొదటిది మాయమై రెండోది మిగులుతుంది. రోల్ నంబర్లే తాళంచెవులుగా రాసుకుంటే, 45 ముందూ 7 తర్వాతా ఉన్నా, బయటికొచ్చేటప్పుడు 7 ముందుకి దూకుతుంది. అందంగా మార్చడం అంటే ఖాళీలు, లైన్లు సర్దడం మాత్రమే అనుకుంటాం. ఇంటికి సున్నం వెయ్యమంటే లోపల సామాను కూడా సర్దేసి పోయినట్టు, ఇది లోపలికి వెళ్తుంది. వీఎస్ కోడ్‌లాంటి ఎడిటర్లలో ఉన్న ఫార్మాట్ డాక్యుమెంట్ అలా చెయ్యదు, ఖాళీల్ని మాత్రమే కదుపుతుంది. ఆ తేడా నాకు రెండో సంవత్సరంలో ఎవరైనా చెప్పుంటే ఆ పిల్లతో అలా మాట్లాడే అవసరం ఉండేది కాదు. ఖాతా నంబరు, ఆధార్, ఫోన్ నంబరు, పిన్ కోడ్, ఇవి లెక్కలు కట్టే సంఖ్యలు కావు. పేర్లు. కొటేషన్లలో పెట్టండి. ముందు సున్నా ఉన్న నంబర్లు కూడా అలాగే బతుకుతాయి.

ఇంక రెండో తప్పు. అది నవంబరులో తెలిసింది.

2025 నవంబరు 25న వాచ్‌టవర్ అనే భద్రతా పరిశోధన సంస్థ ఒక నివేదిక బయటపెట్టింది. జేసన్‌ఫార్మాటర్, కోడ్‌బ్యూటిఫై అనే రెండు ప్రసిద్ధ సైట్లలో జనం సేవ్ చేసిన ముక్కల్ని వాళ్ళు పోగుచేశారు. మొత్తం 80 వేలకి పైగా. మొదటి సైట్‌వి ఐదేళ్ళవి, రెండోదానివి ఒక ఏడాదివి. హ్యాకింగ్ ఏమీ చెయ్యలేదు. ఈమధ్య సేవ్ చేసినవి అంటూ ఆ సైట్లే ఒక పేజీలో లింకులన్నీ వరసగా చూపించేవి. ఆ లింకుల తయారీ కూడా ఊహించగలిగేంత సులువు. పేజీ తర్వాత పేజీ తిప్పుకుంటూ పోయారు, అంతే. దొరికినవేంటంటే డేటాబేస్ పాస్‌వర్డులు, క్లౌడ్ తాళాలు, కోడ్ దాచుకునే చోటికి టోకెన్లు, బ్యాంకు ఖాతాదారుల కేవైసీ వివరాలు. పెట్టినవాళ్ళు మనలాంటి కుర్రాళ్ళే కాదు. ప్రభుత్వాల్లో, బ్యాంకుల్లో, ఆఖరికి సైబర్ సెక్యూరిటీ కంపెనీల్లో జీతాలు తీసుకునేవాళ్ళు.

వాళ్ళింకో పని చేశారు. నాకు నిద్ర పట్టనివ్వంది అదే. ఉత్తుత్తి అమెజాన్ క్లౌడ్ తాళాలు తయారుచేసి, ఎవరైనా వాడితే తమకి తెలిసేలా గంట కట్టి, ఆ సైట్లలో సేవ్ చేశారు. లింకు 24 గంటల్లో మురిగిపోయేలా పెట్టారు. సేవ్ చేసిన 48 గంటలకి గంట మోగింది. అంటే లింకు చచ్చిపోయాక ఒక రోజుకి. ఎవరో అప్పటికే దాన్ని తీసి దాచుకుని, తీరిగ్గా పరీక్షించారన్నమాట. వల వేసుకుని కూర్చున్నవాళ్ళు ముందునుంచీ ఉన్నారు.

ఆ వార్త చదివి నేను మొదట చేసిన పని వాట్సాప్ గ్రూపులో ఆగస్టు దాకా వెనక్కి వెళ్ళడం. లింకు నొక్కాను. తెరుచుకుంది. 312 పేర్లు, ఫోన్ నంబర్లు, ఖాతా నంబర్లు. నేను మర్చిపోయాను గానీ అది నన్ను మర్చిపోలేదు.

మా రూమ్మేట్‌తో చెప్తే వాడన్నది ఇది: "ఏట్రా ఇంత గాబరా? మనమేటి ఇస్రో రాకెట్ రహస్యాలు పెట్టేమా అక్కడ? మన డేటా ఎవుడికి కావాలి?" ఈ మాట మీలో సగం మంది అంటారని నాకు తెలుసు, అందుకే రాస్తున్నాను. మన డేటా అనడంలోనే ఉంది తిరకాసు. ఆ ఫైల్లో నా నంబరు ఒక్కటే ఉంది. మిగతా 311 మంది వాళ్ళ నంబర్లు నాకు ఇచ్చారు, పోటీ కోసం ఇచ్చారు. ఎవరికి కావాలి అంటే, పేరు, ఊరు, కాలేజీ, ఫోను, బ్యాంకు ఖాతా ఒకే చోట ఉన్న జాబితా ఎవరికి పనికొస్తుందో మీకూ తెలుసు. "మీ స్కాలర్‌షిప్ వచ్చింది, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ చేసేవాడు మీ కాలేజీ పేరు, మీ ఖాతాలో చివరి నాలుగంకెలు తనే చెప్తే, మొదటి సంవత్సరం పిల్లలు నమ్మరా? నేనైనా నమ్ముతానేమో.

దసరా సెలవుల తర్వాత ఒకరిద్దరు జూనియర్లు, తెలియని నంబర్ల నుంచి ఫోన్లు ఎక్కువయ్యాయన్నా అన్నారు. కారణం ఆ లింకే అని నేను చెప్పలేను. అలాంటి ఫోన్లు అందరికీ వస్తాయి. కాదు అని ధైర్యంగా చెప్పే వీలు మాత్రం నాకు లేకుండా పోయింది.

రెండో వాదన కాస్త తెలివైనది. "ఆ సైట్‌లో అంతా క్లయింట్ సైడే అని రాసుంది కదన్నా, సర్వర్‌కి ఏమీ పోదు." కొన్ని సైట్ల విషయంలో ఇది నిజమే. ఫార్మాట్ చెయ్యడానికి నిజంగా సర్వర్ అక్కర్లేదు, మీ బ్రౌజరే చేసేస్తుంది. నేను చెప్పేది కూడా అదే: ఎక్కడికీ పంపకుండా అయ్యే పనికి పంపడం ఎందుకు? కానీ పేజీ మీద రాసున్న మాటని నమ్మడం వేరు, చూసుకోవడం వేరు. డౌన్‌లోడ్ చేసుకున్న ప్రోగ్రామ్ మీరు మార్చేదాకా సాధారణంగా అదే ఉంటుంది. వెబ్ పేజీ మీరు తెరిచిన ప్రతిసారీ కొత్తగా వస్తుంది. నిన్న మంచిది, ఇవాళ యజమాని మారాడు, రేపు ఇంకో స్క్రిప్ట్ కలిసింది. ఎక్స్‌టెన్షన్ల సంగతీ అంతే. ద గ్రేట్ సస్పెండర్ అని క్రోమ్‌లో లక్షలమంది వాడిన ఎక్స్‌టెన్షన్ 2020లో చేతులు మారింది, 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్‌వేర్ ఉందని తీసేసింది. జేసన్ అందంగా చూపించే ఎక్స్‌టెన్షన్ పెట్టుకునేటప్పుడు "అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా చదవొచ్చు" అన్న అనుమతి అడిగితే, అది మీ బ్యాంకు పేజీకి కూడా వర్తిస్తుంది.

చూసుకోవడం ఎలా అంటే చాలా మోటు పద్ధతి ఒకటుంది. సైట్‌ని ప్రైవేట్ విండోలో తెరవండి. పూర్తిగా లోడ్ కానివ్వండి. వైఫై ఆపేయండి, ఫోన్ హాట్‌స్పాట్ అయితే అదీ ఆపేయండి. ఇప్పుడు పేస్ట్ చేసి బటన్ నొక్కండి. పని జరగలేదంటే ఆ సైట్ మీ ఫైల్‌ని ఎక్కడికో పంపించి చేయిస్తోందని దాదాపు ఖాయం, వదిలేయండి. జరిగితే, జవాబు కాపీ చేసుకుని, వైఫై ఆన్ చేసే ముందే ఆ విండోలన్నీ మూసేయండి. ఈ చివరి ముక్క ముఖ్యం. ట్యాబ్ తెరిచి ఉంచి నెట్ ఆన్ చేస్తే, ఆగిన పేజీ అప్పుడు పంపొచ్చు. ప్రైవేట్ విండో ఎందుకంటే కొన్ని సైట్లు మీరు పేస్ట్ చేసింది బ్రౌజర్‌లోనే దాచిపెట్టి, మళ్ళీ వచ్చినప్పుడు చూపిస్తాయి. సొంత లాప్‌టాప్‌లో అది సౌకర్యం. ల్యాబ్ కంప్యూటర్‌లో మీ తర్వాత కూర్చునేవాడికి కానుక.

ఎఫ్12లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, బటన్ నొక్కినప్పుడు కొత్త లైన్లు వస్తున్నాయా, వాటిలో మీ డేటా ఉందా అని కూడా చూడొచ్చు. అది నేర్చుకోవడానికి మంచిది. భరోసాకి మాత్రం వైర్ పీకెయ్యడమే నాకిష్టం.

ఇంతకీ కొత్త సైట్ వెతకాల్సిన పని కూడా లేదు చాలాసార్లు. జేసన్ ఫైల్‌ని ఫైర్‌ఫాక్స్ విండోలోకి లాగి వదలండి, మెట్లు మెట్లుగా తనే చూపిస్తుంది, పైన వెతుక్కునే గడి కూడా ఇస్తుంది. క్రోమ్‌లో తెరిస్తే పైన ప్రెటీ ప్రింట్ అని చిన్న టిక్కు కనబడుతుంది. ఇంకాస్త పెద్ద పనికి సైబర్‌షెఫ్ ఉంది. బ్రిటన్ గూఢచారి సంస్థ జీసీహెచ్‌క్యూ వాళ్ళు 2016లో ఉచితంగా బయటికిచ్చిన పనిముట్టు. మొత్తం బ్రౌజర్‌లోనే నడుస్తుంది, జిప్‌గా దింపుకుని నెట్ లేకుండా వాడుకోవచ్చు. గూఢచారుల దగ్గర పనిముట్టు తీసుకుని మన రహస్యం కాపాడుకోవడం తమాషాగా ఉంటుంది గానీ, కోడ్ అందరికీ కనబడుతుంది, వైఫై పరీక్ష దానికీ పెట్టొచ్చు. పెద్ద అంకెల గొడవ మాత్రం ఎక్కడైనా చూసుకోవలసిందే.

పోల్చడం ఇంకో కథ. ఫైల్‌కి రెండు కాపీలు తయారయ్యాయి. ఒకటి నేను దిద్దింది, ఇంకోటి మా వాలంటీర్ ఇంటికి వెళ్ళి దిద్దుకొచ్చింది. రెండూ కలపాలి. మామూలు తేడా చూపించే పనిముట్లు లైన్లవారీగా చూస్తాయి. 1974లో యూనిక్స్‌తో వచ్చిన డిఫ్ నుంచీ అదే తీరు, ప్రోగ్రాములకి అది చాలా బాగా పనికొస్తుంది. జేసన్‌కి అలా కాదు. పేరు ముందు రాసి ఊరు తర్వాత రాసినా, ఊరు ముందు రాసి పేరు తర్వాత రాసినా మనిషి ఒకడే. 2017లో వచ్చిన జేసన్ ప్రమాణపత్రం, ఆర్ఎఫ్‌సీ 8259, ఫ్లవర్ బ్రాకెట్లలో ఉన్నవాటికి వరస లెక్కలేదనీ, చదరపు బ్రాకెట్లలో ఉన్నవాటికి వరస ఉందనీ చెప్తుంది. ఇది తెలియక మేం రెండు ఫైళ్ళనీ పక్కపక్కన పెడితే తెర మొత్తం ఎరుపూ పచ్చా, కోడిపందేల బరిలా. అప్పుడు ఇద్దరం కూర్చుని, రెండు ఫైళ్ళలోనూ తాళంచెవుల్ని అక్షరక్రమంలో పెట్టి, మనుషుల్ని ఫోన్ నంబరు వరసలో పెట్టి, రెండింటికీ ఒకే ఖాళీలిచ్చి, అప్పుడు పోల్చాం. తేడాలు 23కి దిగాయి.

ఆ ఇరవై మూడులో ఎనిమిది నన్ను మళ్ళీ బుర్ర గోక్కునేలా చేశాయి. తెర మీద రెండూ ఒకటే. శ్రీనివాస్, శ్రీనివాస్. పనిముట్టు మాత్రం వేరంటుంది. లోపల చూస్తే ఒకదాని చివర కనబడని అక్షరం ఒకటి ఉంది. పొల్లు తర్వాత వచ్చే అక్షరం కిందికి ఒత్తుగా వెళ్ళకుండా ఆపడానికి యూనికోడ్‌లో పెట్టిన సైగ అది. సాఫ్ట్‌వేర్ అని రాసినప్పుడు వకారం కిందికి జారిపోకుండా అదే ఆపుతుంది. మాట మధ్యలో దానికి పనుంది. చివర ఏ పనీ లేదు, కానీ కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే మాట వెనకాల దాన్ని వదిలేస్తాయి. ఐత్వం కూడా ఇలాంటిదే. శైలజలో ఐత్వాన్ని ఒక కోడ్‌తో రాయొచ్చు, ఎత్వానికి కింద తోక తగిలించి రెండు కోడ్లతోనూ రాయొచ్చు. రెండూ సమానమేనని యూనికోడే ఒప్పుకుంటుంది, అందుకే పోల్చే ముందు రెండు వైపులా ఒకే రూపానికి తెచ్చుకోమంటుంది. ఇంగ్లీషులోనే పని చేసేవాళ్ళకి ఈ బాధ అంతగా తగలదు కాబట్టి చాలా పనిముట్లు పట్టించుకోవు. తెలుగు క్లబ్ వాళ్ళం మనమే పట్టించుకోవాలి.

ఇంకో ఏడు తేడాలు జిల్లా దగ్గర. సబ్బవరం వాళ్ళు కొందరు విశాఖపట్నం అని రాశారు, మా వాలంటీర్ అనకాపల్లి అని దిద్దాడు. 2022 ఏప్రిల్ 4 నుంచి మనం అనకాపల్లి జిల్లాయే, వాడు దిద్దింది కరెక్టే. ఆధార్ కార్డు మీద ఇంకా పాత జిల్లా ఉన్నవాడు పాతదే రాస్తాడు, అతనిదీ తప్పు కాదు. ఏది ఉంచాలో ఏ పనిముట్టూ చెప్పదు. మిగిలిన ఎనిమిదీ నిజమైన దిద్దుబాట్లు. లైన్లవారీ ఎరుపు పచ్చల్లో అవి కొట్టుకుపోయేవి, ఎవరో ఒకళ్ళ ఫోన్ నంబరు పాతదే మిగిలేది.

మన ల్యాబుల్లో జేసన్ ఎలా రాయాలో చెప్తారు, ఎలా పంపాలో చెప్తారు. ఎక్కడ పేస్ట్ చెయ్యకూడదో ఎవరూ చెప్పరు. ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళిన మొదటి వారంలోనే మనలో చాలామంది చేసే పని, కంపెనీ సర్వర్ నుంచి వచ్చిన జవాబుని తీసుకెళ్ళి ఏదో సైట్‌లో పడెయ్యడం. దాంట్లో ఎవరో కస్టమర్ చిరునామా ఉంటుంది, ఒక్కోసారి టోకెన్ కూడా ఉంటుంది. విశాఖకి గూగుల్ డేటా సెంటర్ వస్తోందని, 1500 కోట్ల డాలర్లని, పోయిన అక్టోబరు నుంచి క్యాంటీన్‌లో ఇదే మాట. డేటా కాపాడే ఉద్యోగాలకి రెజ్యూమేలు దిద్దుకుంటున్నాం. ఆ రెజ్యూమే పంపే చేత్తోనే 312 మంది వివరాలు ఊరు పేరు తెలియని డబ్బాలో వేశాను నేను.

చట్టం కూడా ఉంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. తగిన భద్రత పాటించని సంస్థకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు. కాలేజీ క్లబ్బు దాని కిందికి ఎంతవరకు వస్తుందో మన సబ్బవరంలోనే ఉన్న దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ వాళ్ళని పిలిచి ఒక సాయంత్రం చర్చ పెడితే బాగుంటుందని నా కోరిక. నన్ను పట్టుకున్నది మాత్రం చట్టం కాదు. ఆ రెండో బహుమతి అమ్మాయి పాస్‌బుక్ ఫొటో.

నవంబరులోనే పోటీల గ్రూపులో అందరికీ మెసేజ్ పెట్టాను. ఏం జరిగింది, ఏ వివరాలు బయట ఉన్నాయి, ఖాతా నంబరు చెప్పి ఓటీపీ అడిగేవాళ్ళని నమ్మొద్దు, తప్పు నాది. కొందరు బొటనవేలు పెట్టారు. ఒకడు తిట్టాడు, తిట్టాలి కూడా. ఆ అమ్మాయి మాత్రం ఒక్క లైను రాసింది. "అన్నా, మరి తీసేసేరా?"

లాగిన్ అవకుండా సేవ్ చేశాను కాబట్టి నాకక్కడ డిలీట్ బటన్ లేదు. సైట్ వాళ్ళకి మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు. డిసెంబరులో ఒకరోజు లింకు తెరుచుకోవడం మానేసింది. లింకు తెరుచుకోకపోవడం, ఫైల్ లేకపోవడం ఒకటి కాదని ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి ఆమెకి "తీసేశాం" అని రాయలేదు. "ఇప్పుడు తెరుచుకోవట్లేదమ్మా" అని రాశాను.

మా బ్యాచ్‌మేట్ సెలవుల్లో ఒక పేజీ రాశాడు. ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైల్, వంద లైన్లు లేవు. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, డబుల్ క్లిక్ చేసి తెరవడమే. పైన ఒక భద్రతా నియమం రాశాడు, దాంతో ఆ పేజీ ఏ సర్వర్‌తో మాట్లాడబోయినా బ్రౌజరే అడ్డుకుంటుంది. ఫారం పంపడాన్ని విడిగా ఆపాలని మొదట మర్చిపోయాడు, మూడో సంవత్సరం పిల్ల ఒకామె పట్టుకుంది. తాళంచెవుల్ని వరసలో పెడుతుంది, చివర్లో ఉన్న కనబడని అక్షరాల్ని చూపిస్తుంది, 16 అంకెల పరిమితి దాటిన వట్టి నంబరు కనబడితే ఎర్రగా ఆపేస్తుంది. క్లబ్ డ్రైవ్‌లో ఉంది, తీసుకోండి. వాడుతూ వైఫై ఆపి చూడండి, వాడేం ఏడవడు.

ఉగాది కవి సమ్మేళనం ఫారం ఈ వారం తెరుస్తున్నాం. పేరు, కాలేజీ, ఫోన్ నంబరు. బ్యాంకు ఖాతా గడి తీసేశాం. గెలిచిన ముగ్గుర్నీ ఆ రోజే స్టేజి దిగాక అడిగి రాసుకుంటాం, కాగితం మీద.